గగారిన్, ఆర్మ్‌స్ట్రాంగ్ సరే, ఇంకెవరు? తొలితరం వ్యోమగాముల గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

ఏప్రిల్ 12న మీ హైస్కూల్లో మానవ అంతరిక్షయాన దినోత్సవం జరుపుతున్నామని, పిల్లలకు గగారిన్, ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత మూడో పేరు రావడం లేదని రాశారు. పుట్టిన తేదీలు, రికార్డులు చదివి వినిపిస్తే వెనక బెంచీలవాళ్లు కునుకు తీస్తున్నారట. వేరే పద్ధతి ఏమైనా ఉందా అన్నది మీ మొదటి ప్రశ్న. గగారిన్ కన్నా ముందే కొందరు పైకి వెళ్లి చనిపోతే రష్యావాళ్లు దాచేశారంటారు, నిజమేనా అన్నది రెండోది. రెండింటికీ చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను శ్రీహరికోటలో చాలా ఏళ్లు భద్రత పని చూసి రిటైరైనవాణ్ణి. మా పనిలో నిబంధనల పుస్తకం లావుగా ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు విసుక్కుంటూ "ఇదెందుకు సార్, అదెందుకు సార్" అని అడుగుతుంటారు. చాలా నిబంధనల వెనక ఎక్కడో, ఎప్పుడో జరిగిన ఒక ప్రమాదం ఉంటుంది. వ్యోమగాములు నాకు గుర్తున్నది కూడా అలాగే. ఎవరి ప్రయాణంలో ఏది చెడింది, అప్పుడు ఆ మనిషి ఏం చేశాడు, ఆ తర్వాత నౌకలో ఏది మారింది? ఎవరు మొదటివాడు, ఎవరు ఎన్ని చుట్లు తిరిగాడు అనే జాబితా పక్కనపెట్టి ఈ మూడు ప్రశ్నలు పట్టుకోండి. పిల్లలు వాళ్లంతట వాళ్లే "తర్వాత ఏమైంది" అని అడుగుతారు.

గగారిన్‌తోనే మొదలుపెట్టండి. 1961 ఏప్రిల్ 12, భూమి చుట్టూ ఒక చుట్టు, 108 నిమిషాలు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ నౌకలో ఆయన చేత్తో చేయాల్సిన పని దాదాపు లేదని మాత్రం చాలామందికి తెలియదు. ఆ నౌక పేరు వొస్తోక్, మొత్తం ఆటోమేటిక్. బరువు తెలియని స్థితిలో మనిషి బుర్ర సరిగా పనిచేస్తుందో లేదోనని డాక్టర్లకు అనుమానం. అందుకని చేత్తో నడిపే కంట్రోళ్లకు తాళం వేశారు. ఆ తాళం తీసే అంకెలు 1, 2, 5. వాటిని కవర్లో పెట్టి, అంటించి, క్యాబిన్లో ఉంచారు. మతి సరిగా ఉన్నవాడైతే కవరు చించి, అంకెలు చదివి, నొక్కగలడని లెక్క. తమాషా ఏమిటంటే, బయలుదేరే ముందే ఒకరికి తెలియకుండా ఒకరు ఆ అంకెలు ఆయన చెవిన వేసేశారు. ఎవరికీ మనసొప్పలేదు మరి.

అసలు గండం తిరుగు ప్రయాణంలో వచ్చింది. బ్రేక్ ఇంజిన్ పని అయ్యాక, మనిషి ఉన్న గుండ్రటి క్యాప్సూల్ నుంచి వెనక భాగం విడిపోవాలి. వైర్ల కట్ట ఒకటి ఊడకపోవడంతో రెండూ కలిసే కిందికి పడసాగాయి. నౌక గిర్రున తిరిగింది. సుమారు పది నిమిషాల తర్వాత గాలి రాపిడి వేడికి ఆ వైర్లు కాలి తెగిపోయాకగానీ విడిపోలేదు. అంత గందరగోళంలోనూ గగారిన్ కింది వాళ్లకు అంతా మామూలుగానే ఉందనే చెప్పాడు. తర్వాత ఏడు కిలోమీటర్ల ఎత్తులో సీటుతో సహా బయటపడి, విడిగా పారాచూట్‌తో దిగాడు. సరాతోవ్ ప్రాంతంలో వోల్గా నదికి దగ్గర్లో ఒక పొలం అది. అక్కడున్న ఒక అవ్వ, ఆమె మనవరాలు నారింజ రంగు సూటు, తెల్ల హెల్మెట్ చూసి బెదిరిపోతే, నేను మీవాణ్ణే అని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఇలా విడిగా దిగిన సంగతి సోవియట్లు చాలా ఏళ్లు బయటపెట్టలేదు. పైలట్ తన నౌకలోనే నేలకు దిగాలని అప్పటి రికార్డుల నిబంధన, అందుకని. అదే ఏడాది చివర్లో ఆయన మన దేశానికి వచ్చాడు, హైదరాబాదుకూ వచ్చాడు. మీ ఊళ్లో ఎనభై దాటిన పెద్దవాళ్లు ఎవరికైనా ఆ రోజు గుర్తుందేమో అడిగించండి.

ఇలా సీటుతో బయటికి దూకడానికి, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మహిళ వాలెంటీనా తెరిష్కోవాకు సంబంధం ఉంది. బట్టల మిల్లులో పనిచేసే అమ్మాయిని వ్యోమగామిగా ఎందుకు తీసుకున్నారని పిల్లలు అడుగుతారు. వొస్తోక్‌లో వెళ్లినవాళ్లు చివర్లో పారాచూట్‌తో దూకి తీరాలి. ఆమె అప్పటికే సరదాగా పారాచూట్ దూకుళ్లు నేర్చుకుని ఉంది. 1963 జూన్ 16న బయలుదేరి 48 చుట్లు తిరిగింది, మూడు రోజులకు కాస్త తక్కువ. పైకి వెళ్లాక నౌక దిశను నడిపే ప్రోగ్రాంలో తప్పు ఉందని ఆమె కనిపెట్టింది. అలాగే బ్రేక్ ఇంజిన్ వెలిగిస్తే నౌక కిందికి రావడానికి బదులు ఇంకా పైకి పోయేది. కింది నుంచి సరైన అంకెలు తెప్పించుకుని మార్చింది. ఈ పొరపాటు ఎవరికీ చెప్పొద్దని చీఫ్ డిజైనర్ కొరొల్యోవ్ అడిగాడు. ఆవిడ దశాబ్దాల పాటు నోరు విప్పలేదు. ఈలోపు ఆమె పైన సరిగా పని చేయలేదని, కంగారు పడిందని మగవాళ్లు రాసుకున్న జ్ఞాపకాలు మాత్రం లోకమంతా తిరిగాయి. ఆమె తర్వాత ఇంకో మహిళ అంతరిక్షంలోకి వెళ్లడానికి 19 ఏళ్లు పట్టింది. మీ స్కూల్లో ఆడపిల్లలకు తొలి మహిళ అన్న మాట కన్నా ఈ తప్పు పట్టుకున్న సంగతి చెప్పండి.

ఇక నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. ఆక్సిజన్.

మా దగ్గర ఆక్సిజన్ లైను మీద పని ఉంటే, చేతి తొడుగు మీద గ్రీజు మరక కనిపించినా మనిషిని వెనక్కి పంపేస్తాం. పానా శుభ్రంగా తుడిచిందా అని గుడ్డతో రుద్ది చూస్తాం. మామూలు గాలిలో మెల్లగా కాలేవి, ఆక్సిజన్ ఎక్కువున్న చోట భగ్గున అంటుకుంటాయి. నూలు, నైలాన్, జిగురు, ఆఖరికి అల్యూమినియం కూడా. చూడటానికి ఏమీ తెలియదు, వాసన ఉండదు, రంగు ఉండదు. అదే దాని ప్రమాదం.

1961 మార్చి 23న, అంటే గగారిన్ వెళ్లడానికి మూడు వారాల ముందు, వాలెంటిన్ బొందరెంకో అనే కుర్రాడు మాస్కోలో ఒంటరి గదిలో పరీక్షలో ఉన్నాడు. తొలి కాస్మోనాట్ల, అంటే సోవియట్ వ్యోమగాముల, బృందంలో అతి చిన్నవాడు, 24 ఏళ్లు. ఆ గదిలో ఒత్తిడి తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ. ఒంటికి అంటించిన సెన్సర్లు తీసేసి, జిగురు పోవడానికి స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుచుకుని, ఆ దూది పక్కకు విసిరాడు. అది వెళ్లి ఎలక్ట్రిక్ పొయ్యి మీద పడింది. క్షణాల్లో గదంతా మంట. లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా ఉండటంతో తలుపు వెంటనే తెరవలేకపోయారు. కొన్ని గంటల తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. తనదే తప్పు, ఇంకెవరినీ అనొద్దని చెప్పాడంటారు. ఈ సంగతి సోవియట్ పత్రికలో వచ్చింది 1986లో.

ఆరేళ్ల తర్వాత అమెరికాలో దాదాపు అదే కథ. 1967 జనవరి 27, ఫ్లోరిడాలోని 34వ నంబరు ప్రయోగ వేదిక. గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ ముగ్గురూ సూట్లు వేసుకుని అపోలో క్యాప్సూల్లో కూర్చున్నారు. అది ప్రయోగం కాదు, రిహార్సల్. రాకెట్‌లో ఇంధనం లేదు. ఇంధనం లేదు కాబట్టి ఆ పరీక్షను ప్రమాదకరమైన వాటి జాబితాలో చేర్చలేదు. నా దృష్టిలో ఆ రోజు జరిగిన తప్పులన్నిటికీ ఇదే మూలం. ప్రమాదం అంటే ఇంధనమే అనుకున్నారు. క్యాబిన్ నిండా మాత్రం స్వచ్ఛమైన ఆక్సిజన్, అదీ బయటి గాలి కన్నా కాస్త ఎక్కువ ఒత్తిడితో నింపారు. లోపల నైలాన్ వలలు, వెల్‌క్రో పట్టీలు ఎక్కడపడితే అక్కడ.

మధ్యాహ్నం లోపలికి ఎక్కగానే గ్రిసమ్ తన గాలి గొట్టంలో పులిసిన మజ్జిగ లాంటి వాసన వస్తోందన్నాడు. పరీక్ష ఆపి గాలి నమూనా తీశారు, ఏమీ తేలలేదు. ఆ వాసనకూ మంటకూ సంబంధం లేదని తర్వాత తేల్చారు. సాయంత్రం దాకా రేడియో సరిగా పనిచేయక ఒకరి మాట ఒకరికి వినపడలేదు. రెండు మూడు బిల్డింగుల మధ్యే మాట్లాడుకోలేకపోతే చంద్రుడి దాకా ఎలా పోతాం అని గ్రిసమ్ విసుక్కున్నాడు. 6 గంటల 31 నిమిషాలకు మంట అన్న కేక వినపడింది. సుమారు 17 సెకన్లలో మాటలు ఆగిపోయాయి. తలుపు తెరిచే బాధ్యత మధ్య సీటులో ఉన్న వైట్‌ది. ఆ తలుపు లోపలికి తెరుచుకునే రకం. ప్రెషర్ కుక్కర్లలో లోపలి మూత ఉండే రకం చూసే ఉంటారు, ఆవిరి ఉన్నంతసేపూ ఎంత లాగినా రాదు. ఇదీ అంతే. మంటకు లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ తలుపు మరింత బిగుసుకుంది. అంతా సవ్యంగా ఉన్నప్పుడే దాన్ని తీయడానికి నిమిషంన్నర పట్టేది. బయటి వాళ్లు పొగలో కష్టపడి తెరిచేసరికి ఐదు నిమిషాలు దాటింది. ముగ్గురూ పోయింది పొగ వల్ల.

ఆ తలుపు అలా ఎందుకు పెట్టారు? అంతరిక్షంలో పొరపాటున తెరుచుకోకూడదని. దీని వెనక కూడా గ్రిసమే ఉండటం విధి వైపరీత్యం అనాలి. 1961 జూలైలో ఆయన మొదటి ప్రయాణం ముగిసి సముద్రంలో దిగాక, పేలుడు బోల్టులున్న తలుపు దానంతటదే ఊడిపోయింది. ఆయన ఈదుకుంటూ బయటపడ్డాడు, క్యాప్సూల్ మునిగిపోయింది. కంగారులో ఆయనే బటన్ నొక్కాడని చాలామంది గొణుక్కున్నారు. కాదని ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నాడు. ఆ క్యాప్సూల్‌ను 1999లోగానీ సముద్రం అడుగు నుంచి తీయలేదు.

అపోలో అగ్నిప్రమాదం తర్వాత కొన్ని సెకన్లలో బయటికి తెరుచుకునే తలుపు వచ్చింది. వేదిక మీద ఉన్నప్పుడు క్యాబిన్లో ఆక్సిజన్‌తో పాటు నైట్రోజన్ కలిపారు. సూట్లకు, లోపలి గుడ్డలకు మంట అంటుకోని బట్ట వాడారు. ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం ఎక్కింది ఈ తలుపులోంచే.

బొందరెంకో సంగతి అప్పుడే బయటపెట్టి ఉంటే ఈ ముగ్గురూ బతికేవాళ్లని ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తుంది. నేనంత నమ్మను. అమెరికాలోనూ అప్పటికే ఆక్సిజన్ గదుల్లో మంటలు చెలరేగిన సందర్భాలున్నాయి. తమ సొంత కాగితాలు చదవనివాళ్లు పరాయి దేశం కాగితం వస్తే చదివేవాళ్లా?

అలెక్సీ లియొనోవ్ కథ పిల్లలకు బాగా నచ్చుతుంది. 1965 మార్చి 18న వొస్ఖోద్-2 నుంచి బయటికి వచ్చి 12 నిమిషాలు శూన్యంలో తేలిన మొదటి మనిషి. బయట ఉన్నప్పుడు సూటు లోపలి గాలికి ఉబ్బి బిర్రబిగుసుకుపోయింది. గ్లోవుల్లోంచి వేళ్లు, బూట్లలోంచి పాదాలు జారిపోయాయి. కేబుల్ పట్టుకుని చుట్టుకోవడం కూడా కష్టమైంది. కింది వాళ్లకు ముందు చెప్పకుండానే సూటు వాల్వు తిప్పి లోపలి ఒత్తిడి తగ్గించాడు. మరీ తగ్గిస్తే రక్తంలో బుడగలు పుట్టి ప్రాణం పోతుంది, తగ్గించకపోతే లోపలికి దూరలేడు. చివరికి కాళ్లతో కాకుండా తలతో దూరి, ఆ ఇరుకు గొట్టంలోనే వెనక్కి తిరిగి తలుపు వేశాడు. సూటు లోపల చెమట నీళ్లలా కదిలిందట.

అంతటితో అయిపోలేదు. తిరుగు దారిలో ఆటోమేటిక్ వ్యవస్థ పనిచేయలేదు. కమాండర్ పావెల్ బెల్యాయెవ్ చేత్తో నడిపి దించాడు. అనుకున్న చోటికి వందల కిలోమీటర్ల దూరంలో ఉరాల్ అడవిలో, మంచులో పడ్డారు. రెండు రాత్రులు అక్కడే గడిపి, రక్షించడానికి వచ్చినవాళ్లతో కలిసి స్కీల మీద బయటికి వచ్చారు. ఆ అడవి అనుభవం లియొనోవ్ మర్చిపోలేదు. తర్వాతి కాలంలో వచ్చిన సోయుజ్ అనే సోవియట్ నౌక సామాన్లలో మూడు గొట్టాల తుపాకీ ఒకటి చేరింది, దిగిన చోట తోడేళ్లో ఎలుగుబంట్లో ఎదురైతే కాల్చడానికి. వ్యోమనౌకలో తుపాకీ ఎందుకని అడిగితే ఎనిమిదో తరగతి పిల్లల్లో ఒక్కరు కూడా సరైన జవాబు చెప్పలేరు, పందెం. ఇంకో ముక్క, ఆయన చిత్రకారుడు కూడా. ఎగిరిపోకుండా మణికట్టు పట్టీకి దారాలతో కట్టుకున్న రంగు పెన్సిళ్లతో పైన సూర్యోదయం బొమ్మ గీశాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి చెప్పాల్సి వస్తే నేనైతే 1969 జూలైకి బదులు 1966 మార్చి 16 చెబుతాను. జెమిని-8లో ఆయన, డేవిడ్ స్కాట్. మనుషులున్న నౌకను పైన మరో నౌకకు జోడించడం అదే మొదటిసారి. జోడించాక అరగంటకు రెండూ కలిసి దొర్లడం మొదలైంది. తప్పు ఆ రెండో నౌకదే అనుకుని విడిపోయారు. విడిపోగానే తిరుగుడు మరింత పెరిగింది, ఎందుకంటే ఇరుక్కుపోయి ఆగకుండా మండుతున్న చిన్న ఇంజిన్ వీళ్ల నౌకదే. సెకనుకు దాదాపు ఒక చుట్టు. కళ్లు మసకలు కమ్ముతున్నాయి, ఇంకాసేపైతే స్పృహ తప్పేది. ఆర్మ్‌స్ట్రాంగ్ మామూలు ఇంజిన్లు మొత్తం ఆపేసి, తిరిగి భూమికి దిగేటప్పుడు మాత్రమే వాడాల్సిన వేరే ఇంజిన్లతో నౌకను నిలబెట్టాడు. వాటిని ముట్టుకుంటే వెంటనే దిగిపోవాలని నిబంధన. స్కాట్ చేయాల్సిన స్పేస్ వాక్ పోయింది, మిగతా పనులన్నీ పోయాయి, పసిఫిక్‌లో దిగారు. పైకి విఫలమైన ప్రయాణం. కానీ తల తిరుగుతున్నా చేయి వణకని మనిషి ఎవరో నాసాకు ఆ రోజు తెలిసింది.

వ్లదీమిర్ కొమరోవ్ గురించి క్లుప్తంగా. 1967 ఏప్రిల్ 23న సోయుజ్-1లో ఒంటరిగా వెళ్లాడు. పైకి వెళ్లగానే ఒక సౌర ఫలకం విచ్చుకోలేదు, కరెంటు చాలలేదు, దిశ చూసే ఆటోమేటిక్ పరికరాలు మొరాయించాయి. ఇంతటిలోనూ చేత్తో నౌకను సరిచేసి, సరైన సమయానికి బ్రేక్ ఇంజిన్ వెలిగించి కిందికి తెచ్చాడు. ఆయన చేయాల్సిందంతా చేశాడు. పెద్ద పారాచూట్ పెట్టెలోంచి రాలేదు, రిజర్వు పారాచూట్ చిక్కుపడింది. మర్నాడు మరో ముగ్గురు సోయుజ్-2లో వెళ్లి కలవాల్సింది, ఈ ఇబ్బందుల వల్ల అది రద్దయింది. వెళ్లి ఉంటే అదే పారాచూట్ లోపం వాళ్లనూ తీసుకునేది. కొమరోవ్ చివరి నిమిషాల్లో ఏడుస్తూ ప్రభుత్వాన్ని తిట్టాడని ఒక ఆడియో తిరుగుతుంటుంది. దానికి ఆధారం లేదు, దయచేసి పిల్లలకు వినిపించకండి. ఆ ప్రయాణంలో ఆయనకు రిజర్వుగా ఉన్నది గగారిన్. మరుసటి ఏడాది, 1968 మార్చి 27న, గగారిన్ కూడా శిక్షణ విమానం కూలి 34 ఏళ్లకే చనిపోయాడు.

మీకు టైమ్ ఒక్క కథకే ఉంటే సోయుజ్-11 చెప్పండి. 1971 జూన్. గెయోర్గీ దొబ్రొవోల్‌స్కీ, వ్లదిస్లావ్ వోల్కోవ్, విక్టర్ పత్సాయెవ్. అసలు వెళ్లాల్సింది లియొనోవ్ బృందం. బయలుదేరే ముందు వాళ్లలో ఒకరి ఎక్స్‌రేలో క్షయ అనుమానం రావడంతో మొత్తం బృందాన్నే మార్చారు. ఈ ముగ్గురూ ప్రపంచంలో మొదటి అంతరిక్ష కేంద్రం సల్యూత్-1లో మూడు వారాలకు పైగా ఉన్నారు. సోవియట్ టీవీలో రోజూ కనిపించి ఇంటింటి మనుషులయ్యారు. జూన్ 30 తెల్లవారుజామున తిరిగి వస్తుండగా, నౌక భాగాలు విడిపోయే కుదుపుకు గాలి సమం చేసే ఒక చిన్న వాల్వు తెరుచుకుంది. అది నేలకు దగ్గరయ్యాక తెరుచుకోవాల్సిన వాల్వు, తెరుచుకున్నది 168 కిలోమీటర్ల ఎత్తులో. క్యాబిన్ గాలి నిమిషం లోపే ప్రాణం నిలవనంతగా తగ్గిపోయింది. వాల్వు సీట్ల అడుగున ఉంది, చేత్తో మూయడానికి అంతకన్నా ఎక్కువ సమయం కావాలి. వాళ్లు మూసే ప్రయత్నం చేశారు, సగం మూసినట్టు తర్వాత కనిపించింది. క్యాప్సూల్ మాత్రం పారాచూట్‌తో చక్కగా, అనుకున్నట్టే దిగింది. రక్షకులు తలుపు తీసి చూస్తే ముగ్గురూ సీట్లలో ఉన్నారు, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

ఒంటి మీద స్పేస్ సూట్లు ఉంటే బతికేవాళ్లు. లేవు. సూట్లు వేసుకుంటే ఆ క్యాబిన్లో ముగ్గురు పట్టరు. ముగ్గురిని పంపాలన్న పట్టుదలతో సూట్లు మానేశారు. ఆ తర్వాత సోయుజ్‌లో రెండేళ్ల పాటు మనిషే వెళ్లలేదు. 1973లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇద్దరే, ఇద్దరికీ సోకోల్ అనే కొత్త సూటు. ముగ్గురు సూట్లతో సహా పట్టే సోయుజ్ రావడానికి 1980 దాకా పట్టింది.

మన సంబంధం ఇక్కడే. 1984 ఏప్రిల్ 3న హైదరాబాదులో పెరిగిన రాకేశ్ శర్మ గారు సోయుజ్ టీ-11లో వెళ్లినప్పుడు ఒంటి మీద ఉన్నది ఆ సోకోల్ సూటే. ఆ ప్రయాణం ఫొటోల్లో పక్కనున్న గెన్నడీ స్ట్రెకలోవ్‌ను కూడా పిల్లలకు చూపించండి. అంతకు ఆరు నెలల ముందు, 1983 సెప్టెంబర్ 26న, ఆయనా వ్లదీమిర్ తితోవ్ అనే ఇంకో కాస్మోనాటూ బైకనూర్ వేదిక మీద కూర్చుని ఉండగా కింద రాకెట్ అంటుకుంది. కంట్రోల్ కేబుళ్లు కాలిపోయాయి. కింది వాళ్లు రేడియో ద్వారా ఆదేశం పంపి, కొనన ఉన్న తప్పించే రాకెట్‌ను పేల్చారు. అది క్యాప్సూల్‌ను లాక్కుపోయిన రెండు సెకన్లకు వేదిక మీద రాకెట్ కుప్పకూలింది. ఐదు నిమిషాల ప్రయాణం, నాలుగు కిలోమీటర్ల దూరం, ఇద్దరూ క్షేమం. అంత జరిగాక ఆరేడు నెలల్లో అదే రకం రాకెట్ మళ్లీ ఎక్కి, శర్మ గారి పక్కన కూర్చున్నాడు ఆ మనిషి. గగన్‌యాన్ కోసం 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో పరీక్షించింది ఇలా తప్పించే వ్యవస్థనే. అప్పుడు టీవీలో చూసి, మనిషి లేకుండా ఎగరేసి సముద్రంలో పడేయడానికి అంత హడావిడి ఎందుకని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్లకు స్ట్రెకలోవ్ కథ చెప్పాను.

గుర్తుచేసుకోవడం అన్నారు కాబట్టి ఒక ఫలకం గురించి చెప్పాలి. 1971 ఆగస్టులో అపోలో-15 వ్యోమగాములు చంద్రుడి మీద హ్యాడ్లీ అనే చోట, జానెడు కన్నా చిన్న అల్యూమినియం బొమ్మను, పక్కన ఒక ఫలకాన్ని పెట్టి వచ్చారు. పెట్టింది డేవిడ్ స్కాట్, జెమిని-8లో తిరిగినవాడే. ఫలకం మీద అప్పటిదాకా పోయిన వ్యోమగాముల పేర్లు 14. ఎనిమిది మంది అమెరికన్లు, ఆరుగురు సోవియట్లు. హోదాలు లేవు, దేశాలు వేరు చేయలేదు, అక్షర క్రమంలో ఉన్నాయి అంతే. ఇద్దరి మధ్య అంత పోటీ నడుస్తున్న రోజుల్లో! సోయుజ్-11 ముగ్గురి పేర్లు కూడా అందులో ఉన్నాయి, వాళ్లు పోయి అప్పటికి నెలే అయింది.

లేని పేర్లు కూడా ఉన్నాయి. బొందరెంకో లేడు, ఎందుకంటే ఆయన ఉన్నాడనే బయటి లోకానికి తెలియదు. గ్రిగొరీ నెల్యుబోవ్ లేడు. ఈయన గగారిన్ తర్వాత రెండో రిజర్వు. తాగి మిలిటరీ గస్తీ వాళ్లతో గొడవపడ్డాడని 1963లో బృందం నుంచి తీసేశారు. మూడేళ్ల తర్వాత రైలు కింద పడి చనిపోయాడు. బృందం ఫొటోల్లోంచి ఆయన బొమ్మను చెరిపేశారు. ఉన్న ఫొటో, చెరిపిన ఫొటో రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, పక్కపక్కన ప్రింట్ తీసి పెట్టండి. అమెరికా వైపు రాబర్ట్ లారెన్స్ పేరు లేదు. వ్యోమగామిగా ఎంపికైన మొదటి నల్లజాతి అమెరికన్ ఆయన, 1967 డిసెంబర్‌లో శిక్షణ విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన ఉన్నది నాసాలో కాదు, వైమానిక దళం కార్యక్రమంలో. ఆ సాంకేతిక కారణం చూపి ఫ్లోరిడా స్మారకంలో పేరు చెక్కడానికే 30 ఏళ్లు పట్టించారు.

లారెన్స్ కన్నా ముందు ఎడ్ డ్వైట్ అనే పైలట్ ఉన్నాడు. 1960ల మొదట్లో వ్యోమగామి శిక్షణ పొందాడు, ఎంపిక జాబితాలో మాత్రం పేరు రాలేదు. ఉద్యోగం వదిలి శిల్పి అయ్యాడు. 2024 మే 19న, 90 ఏళ్ల వయసులో, బ్లూ ఆరిజిన్ అనే ప్రైవేటు కంపెనీ క్యాప్సూల్లో అంతరిక్షం అంచు దాకా వెళ్లి వచ్చాడు. అదే క్యాప్సూల్లో పక్కన ఉన్నవాళ్లలో మన విజయవాడలో పుట్టిన గోపి తోటకూర ఒకరు. మన పేపర్లన్నీ గోపి గారి ఫొటో వేశాయి, పెద్దాయన సంగతి చాలా వరకు ఒక వాక్యంలో సరిపెట్టాయి.

మీ రెండో ప్రశ్న. గగారిన్ కన్నా ముందు మనిషి ఎవరూ వెళ్లలేదు. సోవియట్ యూనియన్ పోయాక దాచిన కాగితాలు చాలా బయటికి వచ్చాయి. బొందరెంకో, నెల్యుబోవ్ లాంటి పేర్లు తెలిశాయిగానీ పైన చనిపోయిన రహస్య వ్యోమగామి ఒక్కడూ తేలలేదు. పుకారు పుట్టడానికి మాత్రం కారణాలున్నాయి. 1961 మార్చిలో రెండుసార్లు ఇవాన్ ఇవానోవిచ్ అనే మనిషి బొమ్మను సూటు తొడిగి పంపారు. రేడియో పరీక్ష కోసం దానితో టేపు పెట్టారు. ఎవరైనా వింటే గూఢచారి మాటలనుకోకుండా బృంద గానం, సూప్ చేసే పద్ధతి రికార్డు చేశారు. బొమ్మను చూసి పల్లెటూరి వాళ్లు శవం అనుకుంటారని దాని ముఖం మీద "నమూనా" అన్న అర్థం వచ్చే మాట రాశారు. ఇలాంటివి చేసి నోరు మూసుకుని కూర్చుంటే పుకార్లు రాకుండా ఉంటాయా?

కార్యక్రమానికి సంబంధించి ఒకటి రెండు మాటలు. ఐదు, ఆరు తరగతులవాళ్లు కూడా కూర్చుంటే అపోలో మంట, బొందరెంకో వివరాలు వాళ్ల ముందు వద్దు. వాళ్లకు ఇవాన్ బొమ్మ, గగారిన్ కవరు, లియొనోవ్ పెన్సిళ్లు చాలు. పెద్ద తరగతులకు చార్టులు వేయిస్తే తేదీల వరస వద్దు. తలుపు, సూటు, వాల్వు, తప్పించే రాకెట్ అని వస్తువుల వారీగా వేయించి, ఒక్కోదాని కింద పేర్లు రాయమనండి. జాన్ గ్లెన్, గోర్డన్ కూపర్ లాంటి మెర్క్యురీ (అమెరికా తొలి మానవ అంతరిక్ష కార్యక్రమం) వాళ్ల జోలికి నేను ఇక్కడ పోలేదు, అదో పెద్ద కథ. కూపర్ కరెంటు పోయిన నౌకను చేతి గడియారం చూసుకుంటూ దించిన సంగతి కావాలంటే కింద అడగండి, విడిగా రాస్తాను.